మూడు సీట్ల వానాకాలం

ఆ ఏడు జూన్‌లో మా కాలనీలో అందరికంటే ఎక్కువ సీట్లు నాకే వచ్చాయి. మూడు. మూడూ కంటి చదువుకే. చెన్నైలో ఒకటి, హైదరాబాద్‌లో ఒకటి, కరీంనగర్‌లో ఒకటి. జూలై ఆఖరుకు ఒక్కటి కూడా మిగల్లేదు. ఎవరూ లాక్కోలేదు. ఒక్కొక్కటీ నేనే వదిలేశాను.

ఆప్టోమెట్రీ అంటే ఏమిటో మొదట మా ఇంట్లో ఎవరికీ తెలియదు. అమ్మ సుగుణమణి కండ్లద్దాల దుకాణం పెట్టే చదువనుకుంది. చూపు కొలిచే చదువని, నాలుగేళ్లని, ఆఖరి ఏడాదంతా దవాఖానలోనే పని అని చెప్పాను. బాపు అంతా విని ఒక్కటే అడిగాడు.

"గనిలకు దిగేదుంటదా?"

"ఉండదు."

"అయితే మంచి చదువే."

మా బాపు దయాసాగర్ ముప్పై రెండేళ్లుగా గోదావరిఖనిలో సపోర్టుమన్. బొగ్గు తీసేసిన చోట పైకప్పు మీద పడకుండా బోల్టులు బిగించే పని. కర్రతో పైకప్పును తట్టి, ఆ చప్పుడు విని, ఇక్కడ గట్టిగా ఉంది, ఇక్కడ ఊడేటట్టుంది అని చెప్పేవాడు. మూడుసార్లు ఆయన చెప్పిన చోటే కూలింది. ముగ్గురు మనుషులు అందుకే బతికి ఉన్నారు.

ఆ జూలై ఇరవై నాలుగున బాపుకు కంపెనీ మెడికల్ ఉంది. బయటి ఊళ్లలో ఫిట్ అంటే సంతోషిస్తారు. మా దగ్గర ఫిట్ అంటే ముఖం వేలాడేస్తారు. ఎందుకంటే, సర్వీసు మిగిలి ఉండగానే డాక్టర్లు అన్‌ఫిట్ అని రాస్తే ఆ ఉద్యోగం పిల్లలకు వస్తుంది. అందుకని మెడికల్ నాడు దుక్కల్లాంటి మనుషులు దగ్గుతారు, చెవులు బాగున్నవాళ్లకు చెవుడొస్తుంది, అక్షరాల చార్టు మొత్తం కనిపించేవాళ్లు పై గీత దగ్గరే ఆగిపోతారు. డాక్టర్లకూ ఆ సంగతి తెలుసు. ఇంటికి నేనొక్కదాన్నే బిడ్డను కాబట్టి బాపు అన్‌ఫిట్ అయితే ఆ ఉద్యోగం నాకే. వెంటనే చేరాలి. ఇక చదువు ఉండదు.

పక్క క్వార్టర్ ఆగయ్య కాక నిరుడు మోకాళ్ల నొప్పి చూపించి అన్‌ఫిట్ అయ్యాడు. కొడుకు అంజి ఇప్పుడు డ్యూటీ చేస్తున్నాడు. ఆ కాక రోజూ సాయంత్రం మా గుమ్మంలో కుర్చీ వేసుకుని అదే మాట.

"దయన్నా, ఇంక మూడేండ్ల సర్వీసున్నది. ఇప్పుడు గాకుంటే ఇంకెప్పుడైతవే? పై గీత సదువు, ఆడ ఆగిపో. నీ బిడ్డ కండ్ల సదువేనాయె, ఎట్ల ఆగాల్నో నేర్పిస్తది."

అమ్మ నవ్వేది, కానీ చెవి అటే ఉండేది. బాపు మాత్రం నవ్వేవాడు కాదు.

"అబద్ధం చెప్పి నా బిడ్డను గేటు లోపలికి తోల్తనా, అన్నా? సదువుకోనియ్యి."

అలా నాకు వచ్చిన పని కాలేజీ ఎంచుకోవడం. అంత సుఖమైన కష్టం మా కాలనీలో ఎవరికీ వచ్చి ఉండదు. చర్చి క్యాలెండరు వెనక మూడు పేర్లూ రాసుకుని మూడు కాలేజీల వాళ్లనూ ఒకే ప్రశ్న అడిగాను: మొదటి ఏడాదిలో ఒక్కో విద్యార్థి ఎంతమంది కళ్లు చూస్తాడు? కరీంనగర్ కాలేజీకి వెళ్తే యంత్రాల మీద ప్లాస్టిక్ కవర్లు ఇంకా తీయలేదు. పేషెంట్లు మెల్లగా వస్తారన్నాడు ప్రిన్సిపాల్. కానీ పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి ఇంటికి రావచ్చు. చెన్నై కాలేజీ పెద్ద కంటి దవాఖానలోనే ఉంది. రెండో నెల నుంచే ఓపీలో కూర్చోబెడతామన్నారు. అప్పుడే నా మనసు అటు పడిపోయింది. హైదరాబాద్ అక్కర్లేదన్నాను.

బాపు ఒప్పుకోలేదు. "సూడకుండ కాదనద్దు బిడ్డా. పా, ఇద్దరం పోయొద్దాం" అని ఒక రెస్టు రోజు నన్ను రామగుండం స్టేషన్లో రైలెక్కించాడు.

హైదరాబాద్ కాలేజీలో మమ్మల్ని తిప్పి చూపించింది తిరుమల అనే మూడో ఏడాది అమ్మాయి. ఆమెది రామకృష్ణాపూర్, అదీ గనుల ఊరే అని తెలియగానే బాపు ఆమెతో గనుల ముచ్చట్లు మొదలుపెట్టాడు. ఆఖరున ఒక చీకటి గదిలోకి తీసుకెళ్లింది. లోపల తెల్లటి గిన్నె బోర్లించినట్టు ఒక యంత్రం.

"కాకా, మీరు కూసోండ్రి. ఎట్ల చేస్తమో చెల్లెకు చూపిస్త" అంది.

గడ్డం ఆనించి నడిమి దీపాన్నే చూస్తుండాలి. చుట్టూ ఎక్కడ చుక్క వెలిగినా చేతిలోని బటన్ నొక్కాలి. అంతే ఆట. నేను పక్కన తెర చూస్తున్నాను. ఎడమ పక్క చుక్క వెలిగింది. బటన్ చప్పుడు రాలేదు. కుడి పక్క వెలిగింది. రాలేదు. పైన, కింద, మళ్లీ ఎడమ. రాలేదు. మధ్యలో వెలిగినప్పుడు మాత్రం టక్కున నొక్కాడు.

ఆయనకు అర్థం కాలేదనుకుని తిరుమల యంత్రం ఆపి మళ్లీ చెప్పింది.

"సమజైంది బిడ్డా. చుక్క రాంగనే ఒత్తుత" అన్నాడు బాపు.

యంత్రం నడుస్తూనే ఉంది. బాపు చుక్క కోసం ఎదురుచూస్తూనే ఉన్నాడు. చుక్కలు ఆయన చుట్టూ వెలిగి ఆరిపోతున్నాయి.

కాయితం బయటికి వచ్చింది. నడుమ చిన్న తెల్లటి మచ్చ. చుట్టూ నలుపు. తిరుమల దాన్ని నాకివ్వకుండా తన మేడమ్ దగ్గరికి పరుగెత్తింది. ఆ మేడమ్ గంటసేపు బాపు కళ్లు చూసింది. నీటికాసులని చెప్పింది. కంట్లో ఒత్తిడి పెరిగి నరం చచ్చిపోతుంది. నొప్పుండదు. ఎదురుగా ఉన్నది చివరిదాకా బాగానే కనిపిస్తుంది కాబట్టి చార్టు చదివిస్తే ఎవరికీ దొరకదు. పక్కచూపు పోతూ వస్తుంది. పోయింది రాదు. చుక్కల మందు వేస్తే మిగిలింది కొన్నాళ్లు నిలవొచ్చు.

ఏం పని చేస్తారని అడిగింది. బాపు చెప్పాడు. ఆమె రాస్తున్న పెన్ను ఆగింది. అటువంటి చోట ఈ మనిషిని ఒక్కరోజు కూడా ఉంచొద్దని, పక్కనుంచి వచ్చేది మీదకొచ్చేదాకా తెలియదని అంది.

తిరుగు రైలు కాజీపేట దాటింది.

"మీ అమ్మకు చెప్పకు" అన్నాడు బాపు.

"కంపెనీ డాక్టరుకు?"

"అసలే చెప్పకు. చార్టంత సదువుత, ఫిట్ రాస్తరు. నువ్వు చెన్నై పో. మందు ఏసుకుంట మూడేండ్లు ఎల్లదీస్త."

"గనిల బొగ్గు బండి పక్కకెల్లి వస్తే ఎట్ల బాపూ?"

"బండి చప్పుడు చేస్తది. గనిల కండ్లతోని ఎవడు బతికిండు బిడ్డా? చెవులతోనే గద."

ఆ రోజు నుంచి క్యాలెండరు వెనక నేను అడిగే ప్రశ్న మారింది. ఎవరు బాగా నేర్పుతారన్నది పోయి, ఏది దగ్గర అన్నది వచ్చింది. కరీంనగర్‌లో చేరితే రోజూ ఇంటికి వస్తాను. వచ్చి ఏం చేస్తాను? ఆయన ఉండేది భూమిలోపల.

వాన పట్టుకుంది. జూలై మొదటి ఆదివారం చర్చిలో ప్రభుభోజనం. సంఘపెద్ద ద్రాక్షరసం గిన్నె పట్టుకుని వరసలో ఎడమ పక్కనుంచి వచ్చాడు. బాపు చేతులు జోడించుకుని నేరుగా చూస్తున్నాడు. గిన్నె ఆయన భుజం దగ్గర ఆగింది. పెద్ద నిలబడే ఉన్నాడు. మనసులో ఏదో పాపం ఉండి వద్దంటున్నాడనుకున్నట్టు వెనక వరసవాళ్లు చూశారు. నేను మోచేయి తాకాను. బాపు ఉలిక్కిపడి తిరిగి, గిన్నె అందుకుని, కళ్లు మూసుకున్నాడు.

కళ్లు మూసుకున్న ఆ ముఖం చూస్తూ నేను తేల్చేసుకున్నాను. నాకు సీట్లున్నంత వరకు ఈయన గని వదలడు. కాబట్టి సీట్లు ఉండకూడదు. ముందే చెప్తే ఫీజు తనే కట్టేస్తాడు. అన్ని తేదీలూ దాటిపోవాలి, మెడికల్ రోజు డాక్టరుకు నేనే నిజం చెప్పాలి, అన్‌ఫిట్ అని రాశాక బాపుకు చెప్పాలి. ఉద్యోగంలో నేను చేరతాను. ఆయన ఎండలో కూర్చుంటాడు.

చెన్నై ఆఖరు తేదీ పన్నెండు. బాపు ఇచ్చిన ఫీజు డబ్బు నా పెట్టెలోనే దాచి, ఆ సాయంత్రం చేరిపోయానని ఆయనతో చెప్పాను. ఆయన వెళ్లి పావుకిలో మైసూర్‌పాక్ తెచ్చాడు. ఆగయ్య కాకకు కూడా పెట్టాడు. కాక నోట్లో వేసుకుని, "ఉద్యోగం నోటికాడికొస్తె తన్నుకుంటున్నవు దయన్నా" అన్నాడు. హైదరాబాద్ తేదీ పద్దెనిమిది. తిరుమల ఫోన్ చేస్తే చెన్నైలో చేరానని ఆమెకూ అదే అబద్ధం చెప్పాను. బాపుని ఎక్కడైనా చూపిస్తున్నారా అని అడిగింది. చూపిస్తున్నామన్నాను. కరీంనగర్‌కు మాత్రం ఇరవై రెండున నేనే ఫోన్ చేసి సీటు వద్దన్నాను. అవతలి గుమాస్తా రెండుసార్లు పేరు అడిగాడు.

మెడికల్ ముందురోజు మధ్యాహ్నం, బాపు ఫస్టు షిఫ్టులో ఉండగా, అమ్మకు అంతా చెప్పాను. కళ్ల సంగతీ, సీట్ల సంగతీ. అమ్మ బియ్యం ఏరుతున్న చాట పక్కన పెట్టి మోకాళ్ల మీద కూర్చుంది. చాలాసేపు ప్రార్థన చేసింది. లేచాక కొంగుతో ముఖం తుడుచుకుని అడిగింది.

"అయితే నిజంగనే అన్‌ఫిటా?"

ఆ గొంతులో ఏడుపుంది. ఏడుపు కింద కొంచెం నిశ్చింత కూడా ఉంది. అది నాకు వినపడిందని అమ్మకు తెలిసింది. మళ్లీ చాట ముందేసుకుని తల ఎత్తలేదు.

ఇరవై నాలుగున కంపెనీ దవాఖానలో మెడికల్. వరండా నిండా ముప్పై మంది. సగం మంది అప్పటికే దగ్గుతున్నారు. చెన్నై బయల్దేరేలోపు ఒకసారి కంటి గది చూస్తానని చెప్పి బాపుతో పాటు లోపలికి వెళ్లాను. డాక్టరు నడివయసు మనిషి, అలిసిపోయిన ముఖం. చార్టు చదవమన్నాడు. బాపు పై గీత నుంచి కింది గీత దాకా ఒక్క బిగిన చదివేశాడు. నేర్చుకుని కాదు, కనిపించే చదివాడు.

డాక్టరు రాయబోతుంటే నేను హైదరాబాద్ కాయితం బల్ల మీద పెట్టాను. పక్కచూపు పోయిందని, నీటికాసులని చెప్పాను. బాపు నన్ను చూడలేదు. చార్టునే చూస్తున్నాడు.

డాక్టరు కాయితం పైన ఉన్న కాలేజీ పేరు చదివి నన్నేం చదువుతున్నావని అడిగాడు. ఆ కాలేజీలోనే సీటు వచ్చిందన్నాను. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. కాయితాన్ని మడిచి నా వైపు జరిపాడు. కనబడదని చెప్పేవాళ్లు రోజుకు నలుగురొస్తారని, వాళ్లూ బయటి కాయితాలే తెస్తారని అన్నాడు. అయినా లేచాడు. అది ఆయన మంచితనమే. బాపుని తన ముక్కునే చూడమని, ఒకే చేతిని ఒక్కో పక్కకు చాచి, వేలు కదిలినప్పుడల్లా చెప్పమన్నాడు.

"కదిలింది" అన్నాడు బాపు. కదిలింది. "ఇప్పుడు లేదు." లేదు. ఎడమ, కుడి, పైన, కింద. ఒక్కటీ తప్పలేదు.

హైదరాబాద్ మేడమ్ తప్పేమో అని ఒక్క క్షణం నాకు ఆశ పుట్టింది.

"దయాసాగర్, నీకేమైనా ఇబ్బంది ఉందా? పెద్ద దవాఖానకు పంపమంటే పంపుతా. నువ్వు అడగాలి, మీ అమ్మాయి కాదు" అన్నాడు డాక్టరు.

"నాకేం లేదు సార్. ఆ మిషన్ల ఎట్ల ఒత్తాల్నో తెల్వక తప్పు ఒత్తిన. బిడ్డ భయపడ్డది."

డాక్టరు కంప్యూటర్లో ఫిట్ అని ఎక్కించి కార్డు మీద ముద్ర వేశాడు. పిల్లలకు ఉద్యోగం రావాలని కనబడదంటూ అబద్ధం చెప్పేవాళ్లను చూశాను గానీ, కనబడుతుందని గట్టిగా చెప్పే తండ్రిని మొదటిసారి చూస్తున్నానన్నాడు.

వరండా చివర బెంచీ మీద కూర్చున్నాక బాపు నవ్వాడు. ఆ వానాకాలంలో అంత తృప్తిగా నవ్వడం అదొక్కసారే.

"సార్ గడియారానికి ఇనుప గొలుసున్నది. ఏలు ఆడిస్తే కిర్రుమంటది. నా మీద కోపం పెట్టుకోకు. ఇగ సంచి సదురుకో, చెన్నై రైలు నేనే ఎక్కిస్త."

"చెన్నై సీటు లేదు బాపూ."

"ఏంది?"

"కట్టలేదు. తేదీ పోయింది."

ఆయన కాసేపు నా ముఖాన్నే వెతికాడు. "హైదరాబాదు?"

"అదీ పోయింది."

మూడోది అడగడానికి నోరు తెరిచాడు. నేను తల దించుకున్నాను.

ఈ ఒక్క మాట లోపలికి వెళ్లే ముందు చెప్పి ఉంటే ఆయన ఆ గొలుసు చప్పుడు విని జవాబులు చెప్పేవాడు కాదు. ఇప్పటికీ నేను అక్కడే ఆగిపోతాను.

బాపు లేచాడు. ఎడమ భుజం తలుపు చెక్కకు కొట్టుకుంది. వరసను దాటుకుని నేరుగా లోపలికి వెళ్లాడు. నేను గుమ్మంలోనే నిలబడ్డాను.

"సార్, నాకు కనబడది. రెండు దిక్కుల కనబడది. ఇందాక అబద్ధం చెప్పిన."

లోపల చార్టు ముందున్న మనిషి చదవడం ఆపాడు. డాక్టరు పెన్ను కింద పెట్టాడు.

"పది నిమిషాల కింద కనబడింది కదా."

"మీ గడియారం చప్పుడు విని చెప్పిన సార్."

వరసలో ఎవరో గట్టిగా నవ్వారు. ఇంకెవరో, "కొత్త ఉపాయం ఎల్లిందిరా" అన్నారు. డాక్టరు నవ్వలేదు. గడియారం విప్పి బల్ల మీద పెట్టి, చేయి చాచి, మళ్లీ వేలు కదిపాడు. బాపు ఆయన ముక్కునే చూస్తూ నిలబడ్డాడు. చెమట కారుతోంది.

"కనబడ్తలేదు సార్."

"నమ్మేదెట్లా చెప్పు? ఇప్పుడు కనబడినా కనబడలేదనే అంటావు."

నేను మళ్లీ కాయితం తెరిచాను. డాక్టరు దాన్ని చేత్తోనే వద్దన్నాడు. ఫిట్ ఎక్కించేశానని, కూతురు బయటికి తీసుకెళ్లి మాట్లాడాక మనిషి మాట మార్చాడని ముప్పై మంది చూశారని, ఇప్పుడు తను అది కొట్టేస్తే రేపు తన మీద విచారణ వస్తుందని మెల్లగా, చదువుకున్న పిల్లకు చెప్పినట్టు చెప్పాడు. తర్వాత కార్డు తీసుకుని ముద్ర కింద ఒక వాక్యం రాశాడు. ఉద్యోగి ఒకే రోజు రెండు రకాలుగా చెప్పాడు. ఏడాది తర్వాత మళ్లీ చూడాలి.

ఆగయ్య కాక మమ్మల్ని వెంటబెట్టుకుని ఆ కార్డును యూనియన్ ఆఫీసుకు కూడా మోసుకెళ్లాడు. బాపు నిజం చెప్పాడని కాకకు ఒక్కడికి నమ్మకం కుదిరింది. దారంతా, "నిజమైన అన్‌ఫిట్‌వు నువ్వొక్కనివేనా దయన్నా మా అందర్ల" అంటూనే ఉన్నాడు. లీడరు కార్డు అటూ ఇటూ తిప్పి చూశాడు. ఈ రాత ఉన్నంత కాలం పై అధికారులకు రాసినా కాయితం కదలదన్నాడు. తేలిక పని అడిగితే, ఫిట్ మనిషికి తేలిక పని ఎట్లా ఇస్తారని ఆయనే తిరిగి అడిగాడు. మాకు టీ తెప్పించాడు. తాగి వచ్చేశాం.

ఆగస్టులో బాపు మామూలుగానే డ్యూటీకి వెళ్లాడు. జోడీగా పనిచేసే పోశంకు మాత్రం సంగతి చెప్పాడట. పోశం ఇప్పుడు ఆయనకు ఎడమ పక్క నడుస్తాడు. కుడి పక్కకు ఎవరూ లేరు. నేను ప్రతి ఆదివారం బాపుని గోడకు ఎదురుగా కూర్చోబెట్టి, సుద్దముక్క జరుపుతూ, ఎక్కడ కనిపిస్తే అక్కడ గీత పెడతాను. చుక్కల మందు మానకుండా వేస్తున్నాను. మొదటి ఆదివారం గీతల మధ్య రెండు జానల దూరం ఉండేది. నాలుగో ఆదివారానికి జానెడున్నర.

ఆ ఆదివారం సెకండు షిఫ్టు. బయట వాన హోరు; పన్నెండున్నరకు బాపు గుమ్మంలో కూర్చుని, తల వంచి బూటు తాళ్లు కట్టుకుంటున్నాడు. అమ్మ టిఫిన్ కడుతోంది. వచ్చే ఏడు మళ్లీ పెట్టుకోమన్నాడు బాపు. మూడు కాలేజీలకూ పెట్టమన్నాడు. ఈసారి ఎవరికీ చెప్పేది లేదని, ముందే ఫీజు కట్టేస్తానని, చెన్నైకి తనే వచ్చి దింపుతానని. నేను ఆయన ముందు నుంచి జరిగి, గూట్లో ఉన్న మందుసీసా తేవడానికి వెళ్లాను. సీసా తీసుకుని తిరిగి చూస్తే బాపు ఇంకా చెప్తూనే ఉన్నాడు. బూటు తాళ్ల మీంచి చూపెత్తకుండా, నేను ఇందాక నిలబడ్డ ఖాళీ చోటును మెత్తగా బతిమాలుతున్నాడు.

"నీ తప్పు లేదు బిడ్డా. గట్ల తల వంచుకోకు. నా దిక్కు సూడు."

అమ్మ చేతులు టిఫిన్ మీద ఆగిపోయాయి. నేను చప్పుడు చేయకుండా వెళ్లి ఆయన ఎదురుగా నిలబడి, తల ఎత్తి, చూస్తున్న బాపూ అన్నాను.